ముందు జీపీ2, తర్వాతే డీఎన్‌ఏ: ఫేజ్ ప్రొటీన్ బాక్టీరియా నోరు ఎలా కట్టేస్తుందో బెంచి మీద చూడటం

పోయిన నెల మా జూనియర్ ఒకమ్మాయి రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో జెల్ ఫొటో పంపింది. కింద ఒకటే లైను: "అక్కా, నా జీపీ2 చచ్చిపోయింది. బ్యాండ్ అస్సలు తగ్గట్లేదు." ఫొటోలో అన్ని లేన్లలోనూ ఒకే మందంలో బ్యాండ్లు బారులు తీరి ఉన్నాయి. వెంటనే ఫోన్ చేసి, "ట్యూబులో ముందు ఏం వేశావు?" అని అడిగాను. "మాస్టర్‌మిక్స్ అక్కా. ఎంజైమూ డీఎన్‌ఏ రెండూ అందులోనే ఉన్నాయిగా. జీపీ2 చివర్లో వేశా" అంది.

జీపీ2 అంటే బాక్టీరియా మీద పడే వైరస్ (ఫేజ్) తయారుచేసే ఒక చిన్న ప్రొటీన్. అది బాక్టీరియాలో డీఎన్‌ఏని చదివి ఆర్ఎన్ఏ రాసే ఎంజైమ్‌ని, అంటే ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ని, ఆపేస్తుంది. అది పనిచేస్తే జెల్ మీద ఆర్ఎన్ఏ బ్యాండ్ తగ్గాలి. ఇక్కడ ప్రొటీన్‌కి ఏమీ కాలేదు. వేసిన వరసే తప్పు. ఇదే తప్పు చేసి నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో మూడు వారాలు పోగొట్టుకున్నాను. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరికి ఫోన్లో ఇదంతా మొదటినుంచీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి, ఈసారి రాసి పెడుతున్నాను. రేడియోయాక్టివ్ ఫాస్ఫరస్ అక్కర్లేదు, బతికున్న ఫేజ్ కూడా అక్కర్లేదు. మామూలు ఎంఎస్సీ ల్యాబులో ఉండే సరంజామాతో అయిపోతుంది.

ముందు కథ కొంచెం తెలియాలి, లేకపోతే ట్యూబుల వరస బట్టీ పట్టినట్టుంటుంది. టీ7 అనే ఫేజ్ ఈ.కోలై బాక్టీరియా మీద పడుతుంది. 30 డిగ్రీల దగ్గర దాదాపు 25 నిమిషాల్లో కణాన్ని పగలగొట్టి పిల్లల్ని బయటికి పంపేస్తుంది. వచ్చిన కొత్తలో దానికి సొంత యంత్రం ఉండదు. బాక్టీరియాలో ఉన్న ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌నే వాడుకుని తన తొలి జీన్లని చదివించుకుంటుంది. అలా తయారయ్యేవాటిలో ముఖ్యమైనది టీ7 సొంత పాలిమరేజ్. అది చేతికొచ్చాక పాత యంత్రంతో పని లేదు. పని లేకపోవడమే కాదు, అది అడ్డం కూడా. రెండు పాలిమరేజ్‌లూ ఒకే డీఎన్‌ఏ మీద పరిగెడితే గుద్దుకుంటాయి. జీన్ 2 పనిచేయని టీ7లో డీఎన్‌ఏ తయారవుతుంది కానీ కొత్త ఫేజ్ తలకాయలోకి సరిగ్గా సర్దుకోదు, ముక్కలవుతుంది. అందుకని టీ7 రెండు పనులు చేస్తుంది. జీపీ0.7 అనే కైనేజ్‌తో హోస్ట్ (అంటే బాక్టీరియా) పాలిమరేజ్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ తర్వాత జీపీ2ని పంపి నోరు పూర్తిగా కట్టేస్తుంది.

ఈ జీపీ2లో ఉన్నవి 64 అమైనో ఆమ్లాలు, బరువు ఏడు కిలోడాల్టన్లు. అది ఆపే యంత్రం, జీన్ మొదలు ఎక్కడో గుర్తుపట్టే సిగ్మా అనే ముక్కతో కలిపి, దాదాపు 450 కిలోడాల్టన్లు.

ఎలా ఆపుతుందంటే, మన ఆర్టీసీ బస్సుని తలుచుకోండి. ఈ.కోలై పాలిమరేజ్ పీత డెక్కల్లా తెరుచుకుని ఉంటుంది. ఆ డెక్కల మధ్య సందులోకి డీఎన్‌ఏ ఎక్కాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఆ సందులో సిగ్మా 70 తాలూకు ఒక ముక్క, 1.1 భాగం, కూర్చుని ఉంటుంది. డీఎన్‌ఏ వచ్చినప్పుడు అది లేచి బయటికి జరగాలి. కండక్టరు అరుస్తుంటాడు చూడండి, "దిగేవాళ్ళని దిగనివ్వండమ్మా" అని, సరిగ్గా అదే. జీపీ2 వచ్చి పాలిమరేజ్‌లోని బీటా ప్రైమ్ సబ్‌యూనిట్ దవడ మీద, అంటే ఫుట్‌బోర్డు మీద, నిలబడుతుంది. నిలబడి లోపలున్న 1.1ని దిగనివ్వదు. దిగాల్సినవాడు దిగకపోతే ఎక్కాల్సినవాడు ఎక్కలేడు. జీన్ చదవడం మొదలయ్యే చోట, అంటే ప్రొమోటర్ దగ్గర, డీఎన్‌ఏ రెండు పోగులూ విడివడి నిలబడటం, అంటే ఓపెన్ కాంప్లెక్స్ ఏర్పడటం, అక్కడే ఆగిపోతుంది.

అందరూ ఎక్కేసి బస్సు కదిలాక వచ్చినవాడికి ఫుట్‌బోర్డు మీద చోటుండదు. డీఎన్‌ఏ ఒకసారి సందులోకి వెళ్ళి ఓపెన్ కాంప్లెక్స్ ఏర్పడిపోయిందంటే జీపీ2కి పట్టు దొరకదు. మా జూనియర్ ట్యూబులో జరిగింది అదే. ఎంజైమూ డీఎన్‌ఏ 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు హాయిగా కలిసి కూర్చున్నాక ఆ అమ్మాయి జీపీ2 వేసింది. నిజానికి ఆ జెల్ ఫెయిల్ కాలేదు, సగం ప్రయోగం అయిపోయినట్టే. మిగతా సగం పక్క ట్యూబులో చేసి ఉంటే సరిపోయేది.

ఇక పనిలోకి వద్దాం.

జీన్ చాలా చిన్నది, స్టాప్ కోడాన్‌తో కలిపి 195 బేసులు. ఫేజ్ పెంచి పీసీఆర్ చేయాల్సిన అవసరం లేదు, సింథసైజ్ చేయించుకుంటే చాలు. టీ7 ఫేజ్‌ని కల్చర్లు పెంచే గదిలోకి తేకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒకసారి అడుగుపెట్టిందంటే పక్కవాళ్ళ ఫ్లాస్కులన్నీ పొద్దున్నకి నీళ్ళలా తేటపడతాయి, ఆ తర్వాత ఎవరి మొహంలోకీ చూడలేరు. నికెల్ కాలమ్‌కి అంటుకునే హిస్టిడిన్ ట్యాగ్ ఎన్ టెర్మినల్ వైపు, అంటే ప్రొటీన్ తల వైపు, పెట్టించండి. పాలిమరేజ్‌ని పట్టుకోవడంలో ముఖ్యమైన ఆర్జినీన్లు 56, 58 స్థానాల్లో, అంటే తోక దగ్గర ఉన్నాయి. అటువైపు ట్యాగ్ తగిలించి కొత్త తలనొప్పి తెచ్చుకోకండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆ రెండు ఆర్జినీన్ల బదులు గ్లుటమేట్ పెట్టిన మ్యూటెంట్ కూడా తెప్పించండి. కంట్రోల్‌గా దానికంటే మంచిది దొరకదు.

ప్రొటీన్ తయారీకి పెట్ వెక్టర్ (జీన్‌ని మోసే ప్లాస్మిడ్), బీఎల్21 డీఈ3 (ఒక ఈ.కోలై రకం) చాలు. "బాక్టీరియా పాలిమరేజ్‌ని ఆపే ప్రొటీన్‌ని బాక్టీరియాలోనే ఎలా చేయిస్తాం?" అని వైవాలో అడుగుతుంటారు. పెట్ వెక్టర్లో జీన్‌ని చదివేది టీ7 పాలిమరేజ్. అది ఒకే గొలుసుతో చేసిన వేరే జాతి ఎంజైమ్, దానికి ఆ దవడా లేదు, సిగ్మా కూడా లేదు. జీపీ2 దాన్ని తాకదు. హోస్ట్ నోరు మూతపడుతున్నా టీ7 పాలిమరేజ్ తన పని తాను చేసుకుపోతుంది. ఇబ్బందల్లా ఇండక్షన్‌కి ముందు లీకేజీ, అంటే మనం మొదలుపెట్టమనకుండానే జీపీ2 కాస్త తయారైపోవడం. ప్లేట్లోనూ రాత్రి కల్చర్లోనూ ఒక శాతం గ్లూకోజ్ వేయండి. వేయకపోతే కాలనీలు ఆవగింజల్లా వస్తాయి. కొన్ని పెద్దగా వస్తాయి, వాటిని చూసి సంబరపడకండి. చాలావరకు జీన్ పాడైపోయినవే అలా పెరుగుతాయి.

నికెల్ కాలమ్ మామూలే. ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యం చెప్తాను. కాలమ్ నుంచి దింపడానికి వాడిన ఇమిడజోల్ తీసేయడానికి ప్రొటీన్‌ని డయాలసిస్ ట్యూబింగ్‌లో పోసి, రెండు వైపులా క్లిప్పులు పెట్టి, రెండు లీటర్ల బఫర్లో కోల్డ్‌రూమ్‌లో వదిలేసి ఇంటికెళ్ళిపోయాను. పొద్దున్నే ప్రొటీన్ కొలిచే బ్రాడ్‌ఫర్డ్ వేస్తే గోధుమ రంగు గోధుమ రంగుగానే ఉండిపోయింది, నీలం చుక్క కూడా లేదు. డబ్బా తిప్పి చూస్తే ట్యూబింగ్ కటాఫ్ 14 కిలోడాల్టన్లు. ట్యాగ్‌తో కలిపినా నా ప్రొటీన్ తొమ్మిది. రాత్రంతా జల్లెడలోంచి రవ్వలా జారిపోయి బఫర్లో కలిసిపోయింది. 3.5 కిలోడాల్టన్ల కటాఫ్ ఉన్నదే వాడండి. కాన్సంట్రేటర్ వాడితే దానికీ ఇదే లెక్క. ఎస్‌డీఎస్ జెల్ కూడా మామూలు 12 శాతం పోస్తే బ్యాండ్ రంగుతో పాటు కిందికి దిగిపోతుంది. 16 శాతం ట్రైసిన్ జెల్ పోయండి.

పాలిమరేజ్ కొనుక్కోవడమే నయం. కొనేటప్పుడు సిగ్మా 70తో నింపిన హోలోఎంజైమ్ అని చూసి కొనండి. కోర్ ఎంజైమ్ కొంటే సిగ్మా లేదు, 1.1 లేదు, కథే లేదు.

డీఎన్‌ఏ కోసం లాక్ యూవీ5 ప్రొమోటర్ ఉన్న 300 బేసుల పీసీఆర్ ముక్క చేసుకోండి. ప్రొమోటర్ నుంచి చివరికి 160 బేసులు ఉండేలా చూస్తే ఆర్ఎన్ఏ అంత పొడవు వస్తుంది. ఈ ప్రొమోటర్నే ఎందుకంటే, దీని ఓపెన్ కాంప్లెక్స్ గట్టిగా నిలబడుతుంది. హెపారిన్ వేసినా వెంటనే ఊడిపోదు. రైబోసోమల్ ప్రొమోటర్లు పెట్టుకుంటే అవి ఊరికే తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి, జెల్ చదవడం కష్టం.

లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే రెండో పెద్ద తప్పు ఇక్కడే జరుగుతుంది. చాలామంది మైక్రోగ్రాముల్లో ఆలోచిస్తారు. "ఎంజైమ్ అర మైక్రోగ్రాము వేశాను, జీపీ2 ఐదు మైక్రోగ్రాములు వేశాను, పది రెట్లు" అంటారు. కాదు, అది ఐదు వందల రెట్లు. 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 50 నానోమోలార్ ఎంజైమ్ అంటే ఒక పికోమోల్, 450 నానోగ్రాములు. అందులో 500 నానోమోలార్ జీపీ2 అంటే పది పికోమోల్స్, ట్యాగ్‌తో కలిపి 90 నానోగ్రాములే. సంఖ్యలో పది రెట్లు ఎక్కువ, బరువులో ఐదో వంతు. అనవసరంగా కుమ్మరిస్తే ప్రొటీన్ స్టాక్‌లో ఉన్న ఉప్పంతా రియాక్షన్‌లోకి వచ్చేస్తుంది. ఆ ఉప్పుకే పాలిమరేజ్ మొరాయిస్తుంది. మీరేమో జీపీ2 బ్రహ్మాండంగా పనిచేసిందనుకుంటారు.

స్టాకులు ఇలా పెట్టుకోండి: ఎంజైమ్ అర మైక్రోమోలార్, జీపీ2 ఐదు మైక్రోమోలార్, డీఎన్‌ఏ 200 నానోమోలార్. ఆర్ఎన్ఏకి ఇటుకల్లాంటి ఎన్‌టీపీలు నాలుగూ ఒక్కొక్కటి ఐదు మిల్లీమోలార్ చొప్పున, అందులోనే మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము హెపారిన్. ఒక్కొక్కటీ ట్యూబుకి రెండు మైక్రోలీటర్లు, మిగతా 12 బఫరూ నీళ్ళూ. బఫర్ అంటే చివరికి ట్రిస్ 40 మిల్లీమోలార్, పీహెచ్ 7.9, మెగ్నీషియం క్లోరైడ్ 10, పొటాషియం క్లోరైడ్ 50, డీటీటీ ఒకటి, కాస్త బీఎస్‌ఏ. జీపీ2 వేయని ప్రతి ట్యూబులోనూ జీపీ2 స్టాక్‌కి వాడిన బఫర్‌నే, ప్రొటీన్ లేకుండా, రెండు మైక్రోలీటర్లు వేయాలి. నీళ్ళు వేస్తే కుదరదు. ఉప్పు అన్నిటికీ సమానంగా ఉండాలి.

హెపారిన్ ఎందుకో అర్థం చేసుకుని వేయండి. అది డీఎన్‌ఏ మీద లేని ఎంజైమ్‌ని పట్టేసుకుంటుంది. దాంతో ప్రతి ఎంజైమూ ఒక్కసారే ఆర్ఎన్ఏ రాసి ఆగిపోతుంది. హెపారిన్ లేకపోతే ఏమవుతుందంటే, ముందే డీఎన్‌ఏ ఎక్కిన ఎంజైమ్ మొదటి ట్రిప్పు పూర్తిచేసి దిగుతుంది, దిగగానే జీపీ2కి దొరికిపోతుంది, రెండో ట్రిప్పు ఉండదు. అప్పుడు బ్యాండ్ పూర్తిగానూ పోదు, నిండుగానూ ఉండదు. "సగం పనిచేసింది" అని నోట్‌బుక్‌లో రాసుకుంటారు, దాంతో గైడ్‌కీ మీకూ వారం రోజుల వాదన.

ఇప్పుడు ట్యూబులు. ఐస్ మీద బఫర్ పంచి, అన్నిట్లో ఎంజైమ్ వేయండి.

మొదటిదానిలో జీపీ2 బఫర్ మాత్రమే వేసి 37 డిగ్రీల్లో పది నిమిషాలు, డీఎన్‌ఏ వేసి పది నిమిషాలు, ఎన్‌టీపీ హెపారిన్ మిక్స్ వేసి పది నిమిషాలు. ఇది నిండు బ్యాండ్. రెండోదానిలో జీపీ2 వేసి పది నిమిషాలు, తర్వాత డీఎన్‌ఏ పది, తర్వాత ఎన్‌టీపీ పది. మూడోదానిలో డీఎన్‌ఏ ముందు పది నిమిషాలు, తర్వాత జీపీ2 పది, తర్వాత ఎన్‌టీపీ. రెండుకీ మూడుకీ మధ్య వస్తువుల్లో తేడా ఏమీ లేదు, కొలతల్లో లేదు, మొత్తం టైములో లేదు. ఉన్న తేడా అల్లా వరసే. రెండోది ఖాళీగా, మూడోది నిండుగా వచ్చిందంటే జీపీ2 ఎక్కడ పనిచేస్తుందో మీ చేత్తో మీరు చూపించినట్టే.

నాలుగోదానిలో జీపీ2 బదులు ఆ రెండు ఆర్జినీన్లు మార్చిన మ్యూటెంట్, రెండో ట్యూబు వరసలోనే. బ్యాండ్ రావాలి. ఐదోదానిలో రిఫాంపిసిన్, మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాములు. టీబీకి వాడే మందే, మూత్రం ఎర్రగా వస్తోందని మా మేనమామ హడలిపోయిన మందు. అది బీటా సబ్‌యూనిట్‌లో కూర్చుని, ఆర్ఎన్ఏ రెండు మూడు బేసులు దాటగానే దారి మూసేస్తుంది. అంటే అదీ జీపీ2లాగే ట్రాన్‌స్క్రిప్షన్‌ని ఆపుతుంది, కానీ వేరే మెట్టు దగ్గర. ఐదో ట్యూబులో బ్యాండ్ వచ్చిందంటే మీ రిఫాంపిసిన్ పాతది, లేదా ఆ బ్యాండ్ ఆర్ఎన్ఏ కాదు.

ఆ చివరి మాట నిజంగా జరిగేదే. సైబర్ గోల్డ్ రంగు డీఎన్‌ఏకీ పట్టేస్తుంది. ట్యూబులో దాదాపు 80 నానోగ్రాముల డీఎన్‌ఏ ఉంది, మీ ఆర్ఎన్ఏ మహా అయితే 20. జెల్ మీద మిలమిలా మెరిసేది సగం సార్లు టెంప్లేటే. అందుకని ఆరో ట్యూబు: అన్నీ ఉంటాయి, ఎన్‌టీపీ ఉండదు, హెపారిన్ మాత్రమే. అందులో కనిపించే ప్రతి బ్యాండూ డీఎన్‌ఏ. అది పక్కన లేకుండా తెచ్చిన జెల్‌ని నేను చూడను, నా జూనియర్లకి ఈ సంగతి తెలుసు.

ఆపడానికి సమానంగా ఫార్మమైడ్ డై పోయండి, అందులో 20 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉండాలి. 95 డిగ్రీల్లో మూడు నిమిషాలు ఉంచి, వెంటనే ఐస్ మీద పెట్టి, ఎనిమిది శాతం యూరియా జెల్‌లో లోడ్ చేయండి. జెల్‌ని ముందు అరగంట ఖాళీగా నడిపి వేడెక్కించండి. బావుల్లో దిగిన యూరియాని సిరంజితో చిమ్మి కడగండి. కడగకపోతే శాంపిల్ కిందికి దిగదు, పైన మేఘంలా తేలుతుంది. గ్లవ్స్, ఆర్‌ఎన్ఏజ్ లేని నీళ్ళు వగైరా జాగ్రత్తలు మీకు తెలిసినవే.

మూడో ట్యూబులో బ్యాండ్ మొదటిదానికంటే కాస్త పలచగా వస్తే కంగారు పడకండి. పది నిమిషాల్లో డీఎన్‌ఏ దొరకని ఎంజైమ్‌లు కొన్ని జీపీ2కి చిక్కుతాయి. రెండో ట్యూబులో లీలగా కనిపించినా ఫరవాలేదు. రెండూ ఒకేలా ఉంటేనే ఆలోచించాలి. రెండూ నిండుగా ఉంటే జీపీ2 నిజంగానే పాడై ఉండొచ్చు, లేదా ట్యూబు గోడకి అంటుకుపోయి ఉండొచ్చు. ఇంత చిన్న మొత్తాల్లో అది మామూలే, లో బైండ్ ట్యూబులు వాడి చూడండి. రెండూ ఖాళీ అయితే ఉప్పుని అనుమానించండి.

జెల్‌తో తృప్తి లేనివాళ్ళకి ప్లేటు మీద చూసే దారి ఒకటుంది. జీపీ2 జీన్‌ని, అరాబినోజ్ అనే చక్కెర ఇస్తే జీన్‌ని తెరిచే పీబ్యాడ్ ప్లాస్మిడ్‌లో పెట్టి టాప్10 కణాల్లోకి పంపండి, అవి అరాబినోజ్‌ని తినలేవు. రాత్రి కల్చర్‌ని పదేసి రెట్లు పలచన చేస్తూ ఐదేసి మైక్రోలీటర్ల చుక్కలు, గ్లూకోజ్ ప్లేటు మీద ఒక వరస, 0.2 శాతం అరాబినోజ్ ప్లేటు మీద ఒక వరస. గ్లూకోజ్ వైపు తెల్లగా బొట్లు బొట్లుగా పెరుగుతుంది, అరాబినోజ్ వైపు బోసిగా ఉంటుంది. ఇందులో ఒక తమాషా ఉంది. పీబ్యాడ్ ప్రొమోటర్ని చదివేది కూడా ఈ.కోలై పాలిమరేజే. అంటే జీపీ2 తయారయ్యేకొద్దీ తన తయారీని తనే ఆపుకుంటుంది. ఫేజ్‌లో ఆ ఇబ్బంది లేదు, అక్కడ జీన్ 2ని చదివేది టీ7 పాలిమరేజ్.

బోసిగా ఉన్న ప్లేటు మీద అక్కడక్కడ కాలనీలు మొలిస్తే వాటి ప్లాస్మిడ్ తీసి కొత్త కణాల్లోకి పంపండి. కొత్తవి కూడా అరాబినోజ్ మీద పెరిగితే చెడింది ప్లాస్మిడ్, దాన్ని వదిలేయండి. కొత్తవి పెరగకపోతే మాత్రం పాత కాలనీ రెసిస్టెంట్ అయి ఉండొచ్చు. దాని ఆర్‌పీఓసీ జీన్ (బీటా ప్రైమ్‌ది) సీక్వెన్స్ చేయించండి. బీటా ప్రైమ్ దవడలో 1158 లేదా 1188 స్థానంలో గ్లుటమేట్ పోయి లైసిన్ వచ్చిన మ్యూటెంట్లు జీపీ2ని తట్టుకుంటాయి. ఆర్జినీన్‌ని పట్టుకోవాల్సిన చోట రుణావేశం పోయి ధనావేశం వచ్చింది, ఇక జీపీ2 ఎక్కడ ఆనుకుంటుంది?

ఇదే పద్ధతిలో వేరే ఫేజ్ ప్రొటీన్ చేద్దామనుకునేవాళ్ళు వరసని గుడ్డిగా ఎత్తిరాయకండి. టీ4 ఫేజ్‌లోని ఏఎస్ఐఏ కూడా చిన్నదే, 90 అమైనో ఆమ్లాలు. అది పట్టుకునేది దవడని కాదు, సిగ్మా 70 నాలుగో భాగాన్ని. హోలోఎంజైమ్‌లో ఆ భాగం కోర్‌కి ఆనుకుని దాక్కుని ఉంటుంది. కాబట్టి ఏఎస్ఐఏని ముందు విడి సిగ్మాతో కలిపి, ఆ తర్వాత కోర్ వేయాలి. కొన్న హోలోఎంజైమ్‌లో వేస్తే చాలా నెమ్మదిగా పట్టుకుంటుంది. మైనస్ 35 (సిగ్మా నాలుగో భాగం పట్టుకునే చోటు) అవసరం లేని ప్రొమోటర్‌తో పరీక్షిస్తే అసలు ఆపదు.

నాకు ఇష్టమైనది మాత్రం ఎక్స్‌పీ10 ఫేజ్ వాళ్ళ పీ7. ఆ ఫేజ్ పడేది వరిలో ఎండాకు తెగులు తెచ్చే జాంథోమోనాస్ ఒరైజే బాక్టీరియా మీద. బాపట్ల దగ్గర మాది సాంబ మసూరి పండించే ఇల్లు, ఆ తెగులు పేరు వింటూ పెరిగాను. పీ7 కూడా బీటా ప్రైమ్‌నే పట్టుకుంటుంది, కానీ దవడ దగ్గర కాదు, ఎన్ టెర్మినల్ కొసన. హోస్ట్ ప్రొమోటర్లని ఆపడమే కాదు, ఇప్పటికే రాస్తున్న పాలిమరేజ్ టెర్మినేటర్ (రాత ఆపమనే గుర్తు) దగ్గర ఆగకుండా దాటేలా కూడా చేస్తుంది. ఈ సంగతి నాన్నకి ఫోన్లో చెప్తే, "అయితే సీసాలో పోసి కొట్టుకోవచ్చా?" అన్నారు. కుదరదు నాన్నా, ప్రొటీన్ ఆకు మీద పడినంత మాత్రాన బాక్టీరియా లోపలికి వెళ్ళదు, ఫేజ్ అయితే లోపలికి తన డీఎన్‌ఏని దింపుతుంది అని చెప్పాను. ప్రస్తుతానికి ఆయన సీసీఎంబీ, ఐఐఆర్‌ఆర్ వాళ్ళు తెగులు తట్టుకునేలా తయారుచేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేస్తున్నారు. పీ7 చేయాలంటే మాత్రం ఈ.కోలై ఎంజైమ్ కొని కూర్చుంటే పనవదు, జాంథోమోనాస్ పాలిమరేజ్‌ని మీరే తీసుకోవాలి. దానికి వేరే రోజు, వేరే ఓపిక.

మిగిలిన జీపీ2ని 50 శాతం గ్లిజరాల్‌లో ఐదేసి మైక్రోలీటర్లుగా పంచి మైనస్ 20లో పెట్టండి. ట్యూబు మీద తేదీతో పాటు ఉప్పు ఎంత ఉందో కూడా రాయండి, ఆరు నెలల తర్వాత తీసేవాళ్ళు మీరు కాకపోవచ్చు. మా జూనియర్ మర్నాడు ఆరు ట్యూబులూ పెట్టింది. ఈసారి ఫొటో కింద "అక్కా, రెండో లేన్ ఖాళీ" అని ఉంది. ఆరో లేన్ ఎక్కడని అడిగాను. జెల్ అంచున సగం కట్ అయిపోయింది, మళ్ళీ పెడుతోంది.